బొమ్మల పుస్తకం పిల్లలతో ఎలా చదవాలి: ముందు బొమ్మ, తర్వాతే అక్షరం

మా పాపకి మూడేళ్లు నిండినప్పుడు కొన్న మొదటి బొమ్మల పుస్తకాన్ని వారం తిరక్కుండానే మంచం కిందకి తోసేసింది. ఎందుకంటే ఆ పుస్తకం తీసినప్పుడల్లా నేను పరీక్ష పెట్టేదాన్ని. ఇదేం రంగు, ఇదేం జంతువు, ఇంగ్లిష్‌లో ఏమంటారు, మళ్లీ చెప్పు. ఎల్‌కేజీ అడ్మిషన్ అప్పుడు పిల్లల్ని కూడా కూర్చోబెట్టి అడుగుతారని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి నాకు ఆ టెన్షన్ పట్టుకుంది. పుస్తకమంటే ఇష్టం పుట్టాల్సిన వయసులో భయం పుట్టించానని తెలిసి ఆ రోజు చాలా బాధపడ్డాను.

దాన్ని సరిచేసింది మా అత్తయ్య. ఆవిడ పెద్దగా చదువుకోలేదు, సంతకం వరకే. ఒక మధ్యాహ్నం ఊడుస్తుంటే మంచం కింద పుస్తకం దొరికింది. చీపురు పక్కన పెట్టి, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఇదిగో అమ్మలూ, ఈ మేకపిల్ల చూడు, ఎటు పోతోందో పాపం, వాళ్లమ్మ కనపట్లేదు కాబోలు" అని మొదలుపెట్టింది. పుస్తకంలో రాసి ఉన్న కథ అది కాదు. అయినా పాప ఇరవై నిమిషాలు కదల్లేదు. ఆవిడకి అక్షరాలు రావు కాబట్టి బొమ్మనే చూసింది. నాకు వచ్చు కాబట్టి బొమ్మని దాటేసి అక్షరాల వెంట పరిగెత్తేదాన్ని. కింద రాసేదంతా అక్కడ మొదలైందే. ఆ తర్వాత రెండేళ్లలో మా ఇంట్లో ఏం పనిచేశాయో, ఏం చేయలేదో చూసుకుని రాస్తున్నాను. మాది విజయవాడ, సత్యనారాయణపురం. అందుకని పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయన్న సంగతి ఈ చుట్టుపక్కల వాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

ముందు పుస్తకం ఎంచుకోవాలి. మూడు నాలుగేళ్ల పిల్లలకి పేజీకి ఒకటి రెండు వాక్యాలు చాలు, మిగతా పేజీ అంతా బొమ్మే ఉండాలి. షాపులో పుస్తకం చేతిలోకి తీసుకుని, అక్షరాలున్న చోట అరచెయ్యి అడ్డం పెట్టి, బొమ్మలు మాత్రమే చూస్తూ పేజీలు తిప్పండి. ఏం జరుగుతోందో సగమైనా తెలిసిపోతే ఆ పుస్తకం తీసుకోవచ్చు. పేజీకి తొమ్మిది గళ్లు గీసి గడికో పండు, గడికో బండి అచ్చువేసిన పుస్తకాలు దాదాపు అందరిళ్లలో ఉంటాయి, పుట్టినరోజులకి కూడా అవే వస్తాయి. అవి పనికిరావని అనను కానీ వాటిలో కథ లేదు, మాట్లాడుకోవడానికి చోటు లేదు. "యాపిల్" అన్నాక ఇంకేం అంటాం?

విజయవాడలో అయితే ఏలూరు రోడ్డు మీద విశాలాంధ్ర లాంటి పుస్తకాల షాపుల్లో అడగండి. ప్రచురణకర్తల పేర్లు గుర్తుపెట్టుకుంటే వెతకడం తేలిక: నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, చెన్నైకి చెందిన తూలిక, హైదరాబాద్ మంచి పుస్తకం. వీళ్లందరూ తెలుగులో బొమ్మల పుస్తకాలు వేశారు, వీటిలో వందలోపు దొరికేవి కూడా ఉన్నాయి. ఓపిక ఉంటే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు కూడా తిరగండి, దుమ్ము దులుపుకుంటూ ఒక అరగంట వెతికితే ఏదో ఒకటి చేతికి తగులుతుంది. జనవరిలో పుస్తక మహోత్సవం ఎలాగూ ఉంది, 1989 నుంచి జరుగుతున్నదే. పిల్లల్ని తీసుకెళ్లేటట్టయితే జనం పెరగకముందే వెళ్లండి, చీకటి పడ్డాక ఆ తోపులాటలో వాళ్లకి పుస్తకాలు కనపడవు, పెద్దవాళ్ల మోకాళ్లే కనపడతాయి. గుంటూరు నుంచి ట్రైన్ ఎక్కితే గంటకి అటూ ఇటూగా వచ్చేస్తారు, పిల్లలకి రైలు ప్రయాణం కూడా అయిపోతుంది. వెళ్లినప్పుడు ఒక్క పుస్తకమైనా వాళ్లనే ఎంచుకోనివ్వండి, మీకు నచ్చకపోయినా సరే.

డబ్బులు పెట్టే పరిస్థితి లేకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది. అందులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్ తీసుకోవడానికి అనుమతి కూడా ఉంది. లెవెల్ 1 అని ఉన్నవి ముందు చూడండి. కలర్ ప్రింట్ తీయించి మధ్యలో రెండు పిన్నులు కొట్టిస్తే పుస్తకం తయారు. ఫోన్‌లోనే చూపించేయొచ్చుగా అంటే, మేమూ చూపించాం. రెండో పేజీలో ఏదో నోటిఫికేషన్ వచ్చింది, పాప వేలు దాని మీదకి పోయింది, ఇక కథ లేదు. కాగితం మీద ఉంటే ఆ బాధ ఉండదు.

ఇంగ్లిష్ పుస్తకాలు ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు. బొమ్మకి భాష లేదు కదా, తెలుగులో చెప్పుకోండి. ఇంగ్లిష్ వాక్యం చదివి, దానికి తెలుగు అర్థం చెప్పి, మళ్లీ ఇంగ్లిష్ వాక్యం చదివే పద్ధతి మాత్రం వద్దు. అలా చెప్తే ఏ కథా నడవదు, ప్రతి పేజీలో రెండుసార్లు ఆగిపోతుంది.

కొన్న పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకండి. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే చిరిగిపోతుందని అందరం చేసే పనే ఇది. పిల్ల చెయ్యి అందేంత ఎత్తులో, అట్ట ముందుకి కనపడేలా నాలుగైదు పుస్తకాలు పెట్టండి. మేం కిటికీ ఊచలకి తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. అంతకంటే ఎక్కువ పెడితే దేన్నీ పట్టించుకోరు. మిగతావి దాచి రెండు వారాలకోసారి మారిస్తే పాతవే కొత్తవైపోతాయి.

పాపతో కూర్చునే ముందు ఒక్కసారి మీరు ఒంటరిగా పుస్తకం మొత్తం చూడండి. ఐదు నిమిషాల పని. ఏ పేజీలో ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఏ బొమ్మలో మూలన ఏం దాక్కుని ఉందో తెలుస్తుంది. బొమ్మలు వేసేవాళ్లు కథలో లేనివి కూడా పెడుతుంటారు: ప్రతి పేజీలో ఒక చీమో, కిటికీలోంచి తొంగిచూసే కాకో. అవి పిల్లలకి మనకంటే ముందు దొరుకుతాయి.

టైం ఎప్పుడు అంటే, కడుపు నిండి, నిద్ర ఇంకా ముంచుకురాని వేళ. మా ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక. బెజవాడ ఎండాకాలంలో మధ్యాహ్నం ఎటూ బయటికి పంపలేం కాబట్టి అప్పుడొకసారి, కూలర్ ముందు చాప వేసుకుని. పది నిమిషాలు చాలు. టీవీ ఆఫ్ చేయండి, సౌండ్ తగ్గించడం కాదు, పూర్తిగా ఆఫ్. ఒళ్లో కూర్చోబెట్టుకుంటారో పక్కన పడుకోబెట్టుకుంటారో మీ ఇష్టం. ఎలా కూర్చున్నా పుస్తకం ఇద్దరికీ కనపడాలి, పేజీ తిప్పే చెయ్యి పాపది కావాలి. వాళ్లు రెండు పేజీలు కలిపి తిప్పేస్తారు, వెనక్కి పోతారు, పోనివ్వండి.

ఇక అసలు పనికి వద్దాం, నేను అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకున్నది కూడా ఇదే.

అట్ట దగ్గర ఆగండి. "ఇందులో ఎవరున్నారో చూద్దామా, ఏం చేస్తుంటారో" అని ఒక్క మాట అని, పేరు చదివి, లోపలికి వెళ్లండి. మొదటిసారి కథ సాఫీగా చెప్పేయండి, ప్రశ్నలేమీ వద్దు. రెండోసారో మూడోసారో తీసినప్పుడు, ఒక పేజీ దగ్గర బొమ్మ మీద వేలు పెట్టి, ఒక ప్రశ్న అడిగి, నోరు మూసుకుని ఆగండి. ఆగడమే కష్టం. మనం రెండు సెకన్లు కూడా ఆగం, జవాబు మనమే చెప్పేస్తాం. పిల్లలు బొమ్మ చూడాలి, ప్రశ్న అర్థం చేసుకోవాలి, మాట వెతుక్కోవాలి, నోటితో అనాలి. ఇన్ని పనులకి టైం పడుతుంది. నేను మనసులో పది వరకు లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఒకసారి ఏం జరిగిందో చెప్తాను. సంత బొమ్మ ఉన్న పేజీ. కూరగాయల బండి, తక్కెడ పట్టుకున్న మనిషి, చేపల గంప, ముసలాయన. "ఇక్కడ ఏం జరుగుతోంది?" అని అడిగి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పాప మాట్లాడలేదు. ఐదు, ఆరు. బొటనవేలు నోట్లో పెట్టుకుని చూస్తోంది. ఎనిమిది దగ్గర వేలు తీసి, తడి వేలితోనే బండి చక్రం పక్కన చూపించి "తోక" అంది. నిజంగానే తోక. గోధుమ రంగు చక్రం పక్కన గోధుమ రంగు తోక, సన్నగా గీత గీసినట్టు. ఆ పుస్తకం అప్పటికి ఐదుసార్లు చదివాను, నాకు కనపడలేదు. "ఎవరి తోకో?" అన్నాను. "పిల్లిది. చేప కోసం దాక్కుంది. తాతయ్య చూస్తే కొడతాడు." మూడేళ్ల పిల్ల ఒక్క తోక నుంచి పిల్లిని, దాని ఆశని, భయాన్ని చెప్పింది. నేను ఆరు దగ్గర నోరు తెరిచి ఉంటే "ఇది వంకాయ, ఇది టమాటా" అయిపోయేది.

పిల్లలు ఏదైనా అన్నాక దానికి కొంచెం కలిపి తిరిగి చెప్పండి. "కుక్క పోయింది" అంటే "అవును, నల్ల కుక్క గోడ దూకి పోయింది" అనండి. వాళ్లే ఇంకోసారి ఆ పెద్ద వాక్యాన్ని అనే ప్రయత్నం చేస్తారు. తప్పు మాట అంటే "కాదు, తప్పు" అనకండి. మేకని కుక్క అంటే "కుక్కలాగే ఉంది కదా, గడ్డం చూడు, మే మే అంటుంది" అంటే సరిపోతుంది. ఈ పద్ధతికి డయలాజిక్ రీడింగ్ అని పేరుందని నాకు తర్వాత తెలిసింది. గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు కలిసి 1988లో దీనిమీద అధ్యయనం ప్రచురించారు. రెండేళ్ల వయసు పిల్లల తల్లిదండ్రుల్లో కొందరికి ఇలా ఆగి, అడిగి, పిల్లల మాటని పెంచి చెప్పడం నేర్పారు. మిగతావాళ్లు మామూలుగా చదివి వినిపించారు. నెల తిరిగేసరికి మొదటి గుంపు పిల్లలు మాటల్లో ముందుకెళ్లారు. మా అత్తయ్యకి ఇవేవీ తెలియవు, ఆవిడ చేసింది మాత్రం అదే.

ప్రశ్నల్లోనూ తేడా ఉంది. "ఇదేంటి" అన్నది మొదటి వారానికి సరిపోతుంది. తర్వాత "ఎందుకు ఏడుస్తోంది", "ఇప్పుడేం చేస్తుంది", "మనింట్లో ఇలా ఎప్పుడైంది" లాంటివి అడగండి. చివరి రకం ప్రశ్నకి పిల్లలు ఎంత మాట్లాడతారో మీరే చూస్తారు. కథలో వాన పడితే మొన్న వన్‌టౌన్‌లో ఆటో ఆగిపోయి మోకాలి లోతు నీళ్లలో నడిచిన సంగతి వచ్చేస్తుంది. పుస్తకం ఒళ్లో ఉండిపోతుంది, మాటలు ఎక్కడికో పోతాయి. పోనివ్వండి, కథ రేపు పూర్తి చేసుకోవచ్చు. కానీ ప్రతి పేజీకీ అడగకండి. పుస్తకం మొత్తానికి రెండు మూడు ప్రశ్నలు, అంతే. అంతకు మించితే మళ్లీ నా పాత పరీక్షే అవుతుంది, పుస్తకం మంచం కిందకి పోతుంది.

భాష గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. చాలా తెలుగు పిల్లల పుస్తకాల్లో వాక్యాలు ఇంకా బిగుసుకునే ఉంటాయి. "ఏనుగు భయంతో నీటిలో పడిపోయింది" అని ఉంటుంది. అది అలాగే చదివితే పాప మొహంలో ఏ మార్పూ ఉండదు. "ఏనుగు కాలు జర్రున జారింది, బుడుంగున నీళ్లలో పడింది" అనండి, పడిపడి నవ్వుతుంది, మళ్లీ అనమంటుంది. మన భాషలో ఇలాంటి మాటలకి కొదవే లేదు. దబ్బున, చటుక్కున, గబగబా, తపతపా, కిచకిచ, గుసగుస, మిలమిల, నిగనిగ. కృష్ణలో పడవ వెళ్తుంటే తెడ్డు శబ్దం ఒకటి, పాతరేకుల మీద వాన శబ్దం ఒకటి, నూనెలో ఆవాలు వేస్తే శబ్దం ఒకటి. పెద్దయ్యాక ఇవన్నీ మన రాతలోంచి పోతాయి, ఈ వయసులోనే చెవిన పడాలి. పుస్తకంలో "పెద్ద శబ్దం వచ్చింది" అని ఉన్న ప్రతిచోటా ఆ శబ్దమేంటో మీరు చేసి చూపించండి, రెండోసారి పాపని చేయమనండి. మా పాప ఉరుముకి "ఘుడబుడబుడ" అని సొంతంగా ఒకటి కనిపెట్టింది, మా ఇంట్లో ఇప్పుడు అందరం ఉరుముకి అదే వాడుతున్నాం.

అలాగని ప్రతి కొత్త మాటనీ తీసేయకండి. "వేకువన బయలుదేరింది" అని ఉంటే, "వేకువన, ఇంకా చీకటిగా ఉన్నప్పుడే, బయలుదేరింది" అని పక్కనే అర్థం అతికించి సాగిపోండి. ఆగి "వేకువ అంటే ఏంటో తెలుసా" అని అడగక్కర్లేదు. నాలుగోసారికి ఆ మాట వాళ్లదైపోతుంది. పాలవాడు వచ్చినప్పుడు లేచి "వేకువ అయిందా అమ్మా" అని అడిగినప్పుడు నాకు కలిగిన సంతోషం ఎలా చెప్పాలో తెలియదు.

అదే పుస్తకం మళ్లీ మళ్లీ చదవమంటారు. విసుగొస్తుంది, నాకూ వచ్చింది, ఒకే పుస్తకం దాదాపు రెండు నెలలు నడిచింది. అయినా చదవండి. ఏం జరగబోతోందో ముందే తెలియడం ఆ వయసుకి చాలా ధైర్యం. విసుగు తగ్గాలంటే పని పంచుకోండి: మళ్లీ మళ్లీ వచ్చే వాక్యం దగ్గర సగంలో ఆగండి, మిగతా సగం వాళ్లు పూర్తిచేస్తారు. తర్వాత మేకపిల్ల మాటలన్నీ వాళ్లవి, మిగతావి మీవి. చివరికి కథంతా వాళ్లే చెప్తారు, మీరు వింటారు. వాళ్లు చెప్పే కథ పుస్తకంలోది కాకపోతే సరిచేయొద్దు.

పుస్తకంలో చూసిందాన్ని బయట చూపించగలిగితే ఇంకా మంచిది. లెక్కల పుస్తకం చదివిన వారం ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి వైపు వెళ్తూ గేట్లు లెక్కపెట్టాం. మొత్తం 70 ఉంటాయి, పాపకి ఇరవై దాకే వచ్చు, అక్కడి నుంచి మళ్లీ ఒకటి అంది, ఆవలి ఒడ్డుకి వెళ్లేదాకా అలాగే లెక్కపెట్టింది. జంతువుల కథ అయితే కొండపల్లి బొమ్మలు ఉన్నాయి. తెల్ల పొణికి కర్రతో చేసినవి, తేలిగ్గా ఉంటాయి. ఒక ఏనుగు, ఒక ఎద్దులబండి ఉంటే కథంతా నేల మీద ఆడేయొచ్చు. కొత్త రంగు వాసన పోయేదాకా నోట్లో పెట్టుకోకుండా మాత్రం చూసుకోండి.

ఇంట్లో ఎవరు చదవాలంటే, అందరూ. నాన్న ఆఫీసు నుంచి వచ్చి ఒకటి, నానమ్మ మధ్యాహ్నం ఒకటి. చదువు రాదని వెనకాడే పెద్దవాళ్లకి పుస్తకం చేతిలో పెట్టి "మీకు తోచినట్టు చెప్పండి" అనండి. ఒకే పుస్తకం నాన్న చెప్తే ఒకలా, నానమ్మ చెప్తే ఇంకోలా ఉండటం పిల్లలకి గందరగోళమేమీ కాదు. "నానమ్మ కథ కావాలి" అని ప్రత్యేకంగా అడుగుతారు.

కొన్ని రోజులు ఏదీ కుదరదు. మూడో పేజీలో లేచిపోతారు, పుస్తకం విసిరేస్తారు. పట్టుకుని కూర్చోబెట్టకండి. "సరే, ఇక్కడ పెడుతున్నా" అని మీరొక్కరే రెండు పేజీలు పైకి చదువుకోండి, చాలాసార్లు వాళ్లే వస్తారు. రాకపోతే ఆ రోజుకి అంతే. పేజీ చిరిగితే తిట్టొద్దు, టేపు తెచ్చి ఇద్దరూ కలిసి అతికించండి. అతికించిన పేజీని మా పాప ఇప్పటికీ జాగ్రత్తగా తిప్పుతుంది, "దీనికి దెబ్బ తగిలింది" అంటుంది.

అక్షరాలు ఎప్పుడు? అడిగినప్పుడు. చదివేటప్పుడు అప్పుడప్పుడూ వేలు అక్షరాల కింద ఎడమ నుంచి కుడికి జరపండి, చాలు. ఏదో ఒక రోజు తమ పేరులోని మొదటి అక్షరాన్ని పుస్తకంలో చూసి వాళ్లే ఆపుతారు. ఆ రోజు చెప్పండి, ఆ ఒక్కటే చెప్పండి. స్కూల్లో వాళ్లు రాయించేది రాయిస్తూనే ఉంటారు, రాత్రి పది నిమిషాల్ని దానికి ఇవ్వకండి.

పుస్తకాలు ఎన్నని కొంటాం అనే వాళ్లకి ఒక మాట. 1914లో ఊరూరి గ్రంథాలయాల వాళ్లు కూడి సంఘం పెట్టుకున్న ఊరు ఈ బెజవాడ. ఒక అపార్ట్‌మెంట్‌లో ఒక అట్టపెట్టె పెట్టుకోలేమా అని మా కింద ఫ్లాట్ అక్క అడిగింది, పెట్టాం. లిఫ్ట్ పక్కన, వాచ్‌మన్ గారి కుర్చీ వెనక. ఆరు కుటుంబాలు, తలా నాలుగు పుస్తకాలు, వెనక అట్ట మీద ఫ్లాట్ నంబరు. ఆదివారం సాయంత్రం పిల్లలు వచ్చి పాతది వేసి కొత్తది తీసుకెళ్తారు. వాచ్‌మన్ గారి మనవడు కూడా తీసుకెళ్తాడు, వాడి దగ్గర ఇవ్వడానికి పుస్తకం ఉందా లేదా అని ఎవరూ అడగరు. చిరిగితే టేపు వేసి ఇవ్వాలి, కొత్తది కొనివ్వక్కర్లేదు అని మొదటి రోజే అందరం అనుకున్నాం. టేపు కూడా పెట్టెలోనే ఉంటుంది.